కుడివైపు అద్దం

జక్రయ్య తోలే డాడ్జి పికప్‌కి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. క్రైస్తవ మిషన్ దొరల కోసం అమెరికా నుంచి ఓడలో వచ్చిన బండి అది. దొరలు దేశం విడిచి వెళ్ళేటప్పుడు, అప్పటిదాకా దాన్ని నడిపిన జక్రయ్య చేతికే తాళాలు ఇచ్చి వెళ్ళారు. అప్పటినుంచి పత్తి తీసే కాలంలో బోరేలనే పత్తి మూటలు, మిర్చి కోసే కాలంలో టిక్కీలనే మిర్చి బస్తాలు వేసుకుని పొదిలి, దర్శి పల్లెల నుంచి గుంటూరుకి తిరుగుతూ ఆ బండి మీదే బతుకుతున్నాడు.

మన రోడ్ల మీద ఎడమ స్టీరింగు బండి తోలడమంటే ఒంటికన్నుతో తోలినట్టే. ముందు ఏముందో కాస్త వెనక్కి తగ్గి చూసుకోవచ్చు. కానీ కుడిపక్క వెనకనుంచి ఎవరు దూసుకొస్తున్నారో డ్రైవరుకి కనపడదు. ఆ పక్క అద్దం దొరల హయాంలోనే విరిగిపోయింది. ఎడమ అద్దాన్ని ఒంగోలు సంతలో ఒక ఎద్దు కొమ్ముతో ఎగరగొడితే, దాని బదులు అంబాసిడర్ కారు అద్దం ఒకటి తెచ్చి బిగించాడు. అది గతుకు గతుక్కీ తల వాల్చేసేది. జక్రయ్య పెద్దగా పట్టించుకోలేదు. కుడివైపు సీట్లో ఎలీసమ్మ ఉంది కదా.

ఎలీసమ్మ అతని భార్య. పిల్లలు లేరు. ఒక్కతే ఇంట్లో ఉండలేక పెళ్ళయిన కొత్తలోనే బండెక్కింది, మళ్ళీ దిగలేదు. ఎడ్లబండి అడ్డమొస్తే జక్రయ్య "వెనక ఖాళీయేనా?" అనేవాడు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూసి "ఖాళీయే, పోనియ్" అనేది. ఆ మాట వినపడితే చాలు, అతను రెండో ఆలోచన లేకుండా స్టీరింగు తిప్పేవాడు.

ఎనభై నాలుగు వేసవిలో ఒకరోజు పొద్దున్నే మిర్చి లోడుతో గుంటూరు వెళుతున్నారు. దర్శి దాటాక ఎండుగడ్డి వేసుకున్న ఎడ్లబండి ఒకటి అడ్డమొచ్చింది.

"వెనకేమన్నా ఉందా?"

ఎలీసమ్మ తల బయటపెట్టి చూసింది. "ఏం లేదు, పోనియ్."

జక్రయ్య కుడివైపుకి తిప్పాడో లేదో, చెవులు చిల్లులు పడేలా హారన్ మోగింది. చటుక్కున స్టీరింగు మళ్ళీ ఎడమకి కోశాడు. ఎర్రబస్సు ఒకటి జానెడు ఎడంలో రాసుకున్నట్టే వెళ్ళిపోయింది. పికప్ మార్జిన్‌లోకి దిగి, దుమ్ములో ఆగింది.

"ఒరేయ్! కళ్ళు ఇంటికాడ పెట్టొచ్చావా?" అని ఎడ్లబండివాడు కేకేశాడు.

ఎలీసమ్మ తల లోపలికి లాక్కుంది. "ఎండ కళ్ళల్లో పడిందయ్యా" అంది.

జక్రయ్య ముందుకి చూశాడు. ఎండ ఎదురుగా ఉంది. ఆమె చూసింది వెనక్కి.

మళ్ళీ బండి కదిలించాక ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి అతనికి. ఈమధ్య అన్నంలో రాళ్ళు తగులుతున్నాయి. సాయంత్రం బైబిలు తెరుచుకుని కూర్చుంటుంది, కీర్తన తర్వాత కీర్తన చదువుతుంది, పేజీ మాత్రం తిప్పదు.

"గుంటూరులో బండికి అద్దాలు వేయిద్దామే" అన్నాడు.

"నా చూపు మీద నమ్మకం పోయిందా?"

"అది కాదే. పోలీసోళ్ళు అడుగుతున్నారు."

ఆమె ముఖం అటు తిప్పుకుంది. గుంటూరు దాకా అటే తిరిగి కూర్చుంది.

మిర్చి యార్డులో లోడు దించి, పాత బండ్ల సామాన్లు అమ్మే గౌస్ బాషా కొట్టుకి వెళ్ళారు. గౌస్ బాషా పికప్ చుట్టూ తిరిగి, తలుపుల సందులో వేలుపెట్టి తడిమాడు.

"ఈ బండికి తలుపు రేకుకి బెజ్జం కొట్టకూడదన్నా. పై మడతబందులో పిన్ను ఉంది చూడు, అది తీసి దాని జాగాలో అద్దానికుండే ఇనపకాడ దించాల. రెండు పక్కలా అంతే."

లోపలికెళ్ళి చేతికందిన అద్దాలు తెచ్చాడు. లారీ అద్దం కాడ బందులోకి దిగనే లేదు. మరొకటి దిగింది గానీ దాని గాజు ఉబ్బుగా ఉంది. జక్రయ్య స్టీరింగు ముందు కూర్చుని చూస్తే, బండి వెనకే నిలబడ్డ గౌస్ బాషా వీధి చివర ఉన్నట్టు కనిపించాడు.

"ఇది వద్దు బాషా. మీదకొచ్చిన లారీని కూడా ఇంకా దూరంలో ఉందనుకుంటా."

"అసలుది ఎట్టా ఉండేదో గుర్తుందా అన్నా?"

జక్రయ్య తల గోక్కున్నాడు. ఎలీసమ్మ అప్పుడు నోరు విప్పింది.

"నలుచదరంగా ఉండేది. కాడ బారుగా వచ్చి మోచెయ్యిలాగా వంగేది. దొరసాని ఇటుపక్క కూర్చునేది గదా, మా పెళ్ళికి ముందు నేను ఆమె పిల్లల్ని పట్టుకుని వెనక తొట్లో ఉండేదాన్ని. ఆమె టోపీ అద్దంలో కనిపించేది."

"ఆఁ, అట్టా చెప్పు వదినా!" అని గౌస్ బాషా మళ్ళీ లోపలికెళ్ళాడు. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన సామాన్లలోంచి ఒక జత తీసి, బూజు దులిపి తెచ్చాడు. మొదట కుడిదాన్ని ఎడమకి బిగిస్తే ఆకాశం కనిపించింది. రెండూ చూడటానికి ఒకటే గానీ వంపులు వేరు. అటుది ఇటూ ఇటుది అటూ మార్చాక సరిగ్గా కూర్చున్నాయి. జక్రయ్య తన సీట్లోంచి చూశాడు. కుడిపక్క రోడ్డంతా, చెరుకురసం బండితో సహా, ఉన్నదున్నట్టు కనిపించింది. ఇన్నేళ్ళుగా ఎలీసమ్మ చూసి చెప్పే రోడ్డు ఇదన్నమాట అనుకున్నాడు.

అప్పుడే గౌస్ బాషా తల్లి లాల్‌బీ టీ తెచ్చింది. ఎలీసమ్మ చెయ్యి చాపింది. గ్లాసు ఒకచోట ఉంటే చెయ్యి మరోచోటికి వెళ్ళింది. లాల్‌బీ గ్లాసు పక్కన పెట్టి, ఆమె గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పింది.

"అమ్మాయ్, నీ కళ్ళకి పొర కమ్మిందే! నాకూ ఇట్టాగే అయితే కోయించుకున్నా. ఎన్నాళ్ళనుంచి?"

"పోయిన వానాకాలం నుంచి" అంది ఎలీసమ్మ మెల్లిగా. తర్వాత భర్త ఉన్నాడనుకున్న వైపు తిరిగింది. "చెబితే ఇంట్లో కూర్చోమంటావని చెప్పలేదయ్యా. ఇయ్యాల నిన్ను చంపేదాన్నే."

"ఇంట్లో కూర్చోమని ఎవరన్నారు? రోడ్డంటే అద్దం చూపిస్తది. పొదిలి దాకా నాతో మాట్టాడేదెవరు?"

"పోలీసోళ్ళెవరూ అడగలేదు గదా?"

"లేదు."

"నాకు తెలుసులే" అని ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. లాల్‌బీ గ్లాసుని ఆమె రెండు చేతుల మధ్యా పెట్టింది.

ఆ రోజు పొదిలిలో ఇంటికి వెళ్ళలేదు. లాల్‌బీ తనే వెంటబెట్టుకుని వాళ్ళని కంటాస్పత్రికి తీసుకెళ్ళింది. ముందు ఒక కన్ను, అది మానాక రెండోది కోశారు. ఎలీసమ్మ కళ్ళకి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఇంట్లో ఉన్నన్నాళ్ళూ జక్రయ్య ఒక్కడే తిరిగాడు. అద్దాలు ఏ లోటూ చెయ్యలేదు. అయినా సాయంత్రానికి గొంతు ఎండిపోయినట్టుండేది, రోజంతా ఒక్క మాటా మాట్లాడక.

తొలకరి పడ్డాక, మందపాటి కళ్ళజోడు పెట్టుకుని ఆమె మళ్ళీ బండెక్కింది. మిరప నారుమళ్ళు, రోడ్డు పక్క మైలురాళ్ళ మీద అంకెలు, దూరాన మేకలు, కనిపించినదల్లా పైకి చెబుతూనే ఉంది. ఉన్నట్టుండి మాట ఆపేసింది. జక్రయ్య తల తిప్పి చూస్తే, కిటికీలోంచి చెయ్యి చాపి అద్దాన్ని తనవైపు తిప్పుకుంటోంది.

"ఏమయ్యా, ఇంత ముసలిదాన్నయిపోయానని ఒక్కనాడన్నా చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"జుట్టు ఇంత నెరిసిందా!"

"అద్దం అటు తిప్పేస్తే నాకు రోడ్డెట్టా కనపడిద్దే?"

ఎలీసమ్మ వినిపించుకోలేదు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, చెంపలు సవరించుకుంటోంది. జక్రయ్య బండిని మెల్లిగా ఒక తుమ్మచెట్టు పక్కన ఆపి, ఇంజను కట్టేసి, ఆమె చూసుకోవడం అయ్యేదాకా కూర్చున్నాడు.