ఇస్నాపూర్ ఫారిన్

విదేశంలో స్థిరపడటం గురించి నాకు తెలిసినంత ఫోన్లలో దాని గురించి వీడియోలు పెట్టేవాళ్ళకు కూడా తెలియదు. నేనేమీ విమానం ఎక్కలేదు. ఏడో తరగతిలో బడి మానేసి ఇస్నాపూర్‌లో ఎక్కడ బర్రెలు కాశానో ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నేను కదలకుండానే నా ఊరు నా కాళ్ళ కింద నుంచి జారుకుని పరదేశమైపోయింది. పొలం పోయిన చోట ఫ్యాక్టరీ గోడలు లేచాయి. మిగిలిన ముక్కలో వరసగా రేకుల రూములు వేసి కిరాయికిచ్చాను. పొద్దున తలుపు తీస్తే ఒడియా వాళ్ళు, బీహారు వాళ్ళు, బెంగాలు వాళ్ళు. మంగలి దగ్గర హిందీ, కోడి మాంసం కొట్లో హిందీ. నోరారా మా తెలుగు మాట్లాడాలంటే బర్రెల కొట్టంలోకి పోవాలి.

అలాంటి నన్ను పట్టుకుని మూర్తి సారు థాయ్‌లాండ్ గొప్పలు చెప్పేవాడు.

పూర్తి పేరు నరసింహమూర్తి. ఆంధ్రా నుంచి వచ్చి సర్కారు ప్లాంటులో సూపర్‌వైజరు చేసి రిటైరయ్యాడు. అటువైపు వాళ్ళంతా కలిసి కట్టుకున్న కాలనీలో సొంత ఇల్లు. ఆ కాలనీకి పాలు పోసేది నేనే. నేను గేటు తీసేసరికి ఆయన ఫోను పట్టుకుని ఎదురొచ్చేవాడు.

"ఐలన్నా, సముద్రం పక్కనే ఇల్లట. రిటైరైన వాళ్ళంతా ఒకచోటే ఉంటారట. పొద్దున నడక, సాయంత్రం పేకాట."

"గవి ఈడ లెవ్వా సార్?"

"సముద్రం ఉందా?"

"సముద్రమైతే లేదు. ఫ్యాక్టరీల నీళ్ళు పోయే నాలా అయితే ఉన్నది. నురుగు సముద్రం కంటే ఎక్కువనే వస్తది."

ఆయన నవ్వలేదు. లోపల ఆయన భార్య కనకమహాలక్ష్మి గారు కూడా నవ్వలేదు. పాలగిన్నె అందుకునే వంకతో నన్ను పెరటి వైపు పిలిచింది.

"ఇల్లు కొంటానని చూసుకోడానికి మనిషొచ్చి వెళ్ళాడు ఐలన్నా. వచ్చే నెల మాట ఇచ్చేస్తారట. ఆ కరివేపాకు చెట్టు నా చేత్తో నాటింది. దాన్నొదిలి నేనెక్కడికి పోను? మీ మాటయితే వింటారు, ఏదో ఒకటి చెయ్యండి."

"ఫారిన్ పోయేటోళ్ళను పాలోడు ఆపుతడా అమ్మా?"

"ఈ ఏడాది ఆవకాయ జాడీ ఒకటి మీదే."

ఆమె ఆవకాయ ముందు నా పౌరుషం ఏనాడూ నిలబడలేదు. మర్నాడే పని మొదలుపెట్టాను.

"సార్, పోంగనే ఆడ ఇల్లు కొనుమన్నరా వీడియోల?"

"అబ్బే, ముందు అద్దెకుండి చూడమన్నారు. భాష రాని చోట, మనవాళ్ళు లేని చోట ఉండగలమో లేదో తేల్చుకోమన్నారు. అప్పటిదాకా..." గుమ్మంలో భార్య కనబడి గొంతు తగ్గించాడు. "అప్పటిదాకా ఇక్కడి ఇల్లు అమ్మొద్దన్నారు కూడా."

"మంచి మాటే చెప్పిన్రు. నా దగ్గర రూము ఖాళీ ఉన్నది. భాష రాదు, మీవోళ్ళు ఒక్కడుండడు. థాయ్‌లాండ్ దాంక ఎందుకు, షేర్ ఆటోల పోవచ్చు."

కనకమహాలక్ష్మి గారు అక్కడే పందెం కట్టింది. నెల రోజులు ఇంటి ముఖం చూడకుండా, కాలనీ వాళ్ళకు ఫోను చెయ్యకుండా ఉంటే తాను నోరెత్తకుండా థాయ్‌లాండ్ వస్తుంది. మధ్యలో తిరిగొస్తే ఇల్లమ్మే మాట ఇంక ఎత్తకూడదు. మూర్తి సారు అప్పటికప్పుడే బట్టలు సర్దుకున్నాడు.

ఎంచి ఎంచి బోరు మోటారు పక్క రూమిచ్చాను. అటు రూము వాళ్ళది పగటి డ్యూటీ, ఇటు వాళ్ళది రాత్రి డ్యూటీ. ఏ వేళలోనైనా ఎవడో ఒకడు ఆవనూనె కాగబెడుతూనే ఉంటాడు. పైగా అందరినీ పిలిచి, సారుతో తెలుగు మాట్లాడొద్దని హిందీలో చెప్పాను. వస్తే కదా మాట్లాడటానికి అన్నట్టు అందరూ నవ్వారు. పక్క రూము ప్రమోద్ మాత్రం తల వంచుకుని "ఠీక్ హై సేఠ్" అన్నాడు. ఫ్యాక్టరీలో ప్రెస్ మిషను మీద పనిచేసే ఒడియా పిల్లగాడు, నెమ్మదస్తుడు.

మొదట్లో అంతా నేను అనుకున్నట్టే నడిచింది. కుళాయి దగ్గర సారు బకెట్టు అందరికంటే వెనక. రెండో పూటకే నా కొట్టం దగ్గరికి వచ్చాడు.

"ఐలన్నా, ఊరగాయ ముక్కేమైనా ఉంటుందా?"

"థాయ్‌లాండ్‌ల ఊరగాయ ఎవడిస్తడు సార్?"

ఈ మాట చేరవేస్తే కనకమహాలక్ష్మి గారు నాకివ్వబోయే జాడీ కడిగి ఎండలో బోర్లించింది.

ఆ తర్వాత సారు నా దగ్గరికి రావడం మానేశాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం, పారిపోవడానికి సంచీ సర్దుకుంటున్నాడేమో చూద్దామని పోతే ప్రమోద్ రూములోంచి నవ్వులు వినిపించాయి. లోపల చాప మీద లుంగీతో మూర్తి సారు. ముందు పళ్ళెంలో చద్దన్నం, కాల్చిన వంకాయ, ఉల్లిగడ్డ.

"ఏటిరా పెమోదూ, ఇందులో ఉప్పు నేదు."

"ఉందండి బాబూ, అడుగునుంచి కలపండి."

తెలుగు. నా తెలుగు కాదు, కాలనీ తెలుగూ కాదు.

"ఏందిరా ప్రమోద్, నీకు తెలుగొస్తదా?"

"మాది బరంపురం సేఠ్. మా అమ్మ తెలుగే."

"ఇన్నేండ్ల సంది నాతోని హిందీల మాట్లాడితివి గదరా."

"మీరు హిందీలో మొదలెట్టారు కదా సేఠ్. తెలుగు రాదేమో అనుకున్నాను."

మూర్తి సారు పొలమారేదాకా నవ్వాడు. "మాది ఇచ్ఛాపురం ఐలన్నా, ఆంధ్రాకు చిట్టచివర. వీడి ఊరెళ్ళే బస్సెక్కితే కునుకు పట్టేలోపే దిగిపోవాలి. చిన్నప్పుడు సినిమాకు బరంపురమే పోయేవాళ్ళం."

ఆంధ్రా వాళ్ళంటే అంతా ఒక ముద్ద, రూముల్లో ఉండేవాళ్ళంతా ఇంకో ముద్ద అని నేను ఎప్పుడో కట్టి పెట్టేసుకున్నాను. ఆ రెండు ముద్దలకూ ఒకటే పొలిమేర ఉంటుందని ఎవడనుకున్నాడు.

సంగతి విని కనకమహాలక్ష్మి గారు పాలగిన్నె కింద పెట్టేసింది. "అయితే నెగ్గేస్తారా? నా ఇల్లు పోయినట్టేనా?"

ఆ వచ్చే ఆదివారం ఆమె ఆగలేక ఆవకాయ జాడీ ఒడిలో పెట్టుకుని ఆటోలో దిగింది. ఆ వాసనకైనా ఆయన ఇంటికి వస్తాడని ఆశ. రూము దగ్గరికి వచ్చేసరికి లోపల ఆయన ప్రమోద్‌ను "ఒరే గుంటడా, నీకు బుద్ధి నేదు" అని మురిపెంగా తిడుతున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఏమిటా మాటలు?"

"మా ఊరి మాటలు. పెళ్ళైన కొత్తలో మీ భీమవరంలో మీ అన్నయ్యలు నవ్వారు, అప్పుడు మానేశాను. ఇక్కడికొచ్చాక ఎప్పుడైనా నోరు జారితే కాలనీలోనూ నవ్వారు. ఇన్నేళ్ళూ నాలుక మడతపెట్టుకునే బతికాను కనకం."

"దానికి థాయ్‌లాండ్ ఎందుకు?"

"అక్కడ ఏం మాట్లాడినా ఎవరికీ అర్థం కాదు కదా. నవ్వరనుకున్నాను."

ప్రమోద్ లేచి నీళ్ళ చెంబు తెచ్చే వంకతో బయటికి వచ్చాడు. నేను మోటారు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆమె చెప్పులు విడిచి చాప అంచున కూర్చుంది.

"ఇప్పుడు ఇల్లు అమ్ముతారా, అమ్మరా?"

"అమ్మను. ఆదివారాలు మాత్రం ఇక్కడే తింటాను. నువ్వూ రావచ్చు. నవ్వకపోతేనే."

"నవ్వనులెండి," అంది. చాప మీద కాస్త లోపలికి జరిగి, "నేదు అన్నప్పుడు మాత్రం కొంచెం నవ్వుతాను," అంది.

ఆయన సరేనన్నాడు. ఆమె జాడీ మూత విప్పి చాప నడుమ పెట్టింది.

మర్యాద పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాను. "అమ్మా, గా జాడీ నాది గదా?"

"ఆయన పారిపోయి ఇంటికొస్తే కదా మీది. వచ్చారా? ఆయనంతట ఆయనే ఆగారు."

నా స్థలంలో, నా రేకుల కింద, నా ఆవకాయ వేరేవాళ్ళ పళ్ళేల్లోకి పోతోంది. ఇల్లు నిలబడిన సంతోషంలో ఆమెకు నా ముఖం కనబడలేదు. ప్రమోద్‌కే జాలేసింది.

"రండి సేఠ్, మీరూ కూర్చోండి. లోకల్ వాళ్ళయినా పర్వాలేదు."

కూర్చున్నాను. ఆవకాయ మీద కోపం ఏం పెట్టుకుంటాం. ఈసారి పౌరుషంగా తెలుగులోనే అడిగాను.

"ప్రమోద్, జెర గా ఉల్లిగడ్డ ఇటియ్యి."

వాడు నవ్వు బిగబట్టుకుని మూర్తి సారు వైపు తిరిగాడు.

"ఏటంటన్నారు బాబూ?"

మూర్తి సారు వాడికి తర్జుమా చేసి చెప్పాడు.