ఈడ, ఆడ

వెంకట్రామ్ కంప్యూటర్ల పని చూసే మందుల హోల్‌సేల్ కంపెనీకి రెండు సర్వర్లు. ఒకటి జార్జి టౌన్ కొట్లో, ఇంకొకటి మాధవరం గోడౌన్లో. వాటికి పేర్లు పెట్టమంటే ఓనరు బాలసుందరం, "ఈడుండేది ఈడ, ఆడుండేది ఆడ. ఇందులో ఆలోచించేదానికి ఏముందప్పా?" అన్నాడు. ఆ పేర్లే ఖాయమయ్యాయి. ప్రతి ఆదివారం 'ఈడ'లోని ఉద్యోగుల ఖాతాల ఫైళ్లు 'ఆడ' మీదికి కాపీ అయ్యేలా వెంకట్రామ్ ఒక స్క్రిప్టు రాశాడు. ఈడ ఉన్నదే నిజం. ఆడ వేరే ఖాతా ఏదైనా ఉంటే చెరిగిపోతుంది. పదేళ్లుగా అది ఒక్కసారి కూడా మొరాయించలేదని అతనికి మహా గర్వం.

సోమవారం ఓనరు కొడుకు కేశవ్ ఫోన్ చేశాడు. "అన్నా, రెండు నెలల ముందర గోడౌన్లో లాగిన్ ఇచ్చినావు కదా, అది పోయింది."

పెళ్లి హడావిడిలో పడి రెండు నెలలుగా గోడౌన్ మొహం చూడని మనిషికి ఇవాళ గుర్తొచ్చింది. ఎందుకు పోయిందో వెంకట్రామ్‌కి వెంటనే తెలిసింది. అప్పుడు తొందరలో ఆ ఖాతాను 'ఆడ' ఒక్కదాంట్లోనే తెరిచాడు. ఆ వారం ఆదివారమే కాపీ వచ్చి తుడిచేసింది. మళ్లీ అక్కడే తెరిచాడు. పన్లో పనిగా గోడౌన్ ఫోల్డరు కూడా చూశాడు.

మందుల గడువు తేదీల ఫైలు పక్కన, దాన్ని మార్చి సేవ్ చేసిన మనిషి పేరు 'కేశవ్' అని ఉంది. రెండు నెలల క్రితం అదే చోట 'అంజలై' అని ఉండేది.

జరిగిందేమిటో వెంకట్రామ్‌కి అర్థమైంది. సర్వరు ఫైలు మీద పేరు రాసుకోదు, నంబరు రాసుకుంటుంది. ఆ నంబరు ఎవరిదో ఖాతాల ఫైల్లో వెతికి పేరు చూపిస్తుంది. అంజలై కొట్లో కొత్తగా చేరిన వారమే కేశవ్‌కి గోడౌన్లో ఖాతా తెరిచాడు. ఈడ ఆమెకు 1023 ఇచ్చింది. ఆడ కూడా తన వరసలో 1023 అతనికిచ్చింది. ఆదివారం కాగానే కేశవ్ పేరు చెరిగి, అతను ముట్టుకున్న ఫైలు అంజలైది అయిపోయింది. ఆమెను పనిలోంచి తీసేసి ఖాతా చెరిపాక నంబరు ఖాళీ పడి, ఇవాళ మళ్లీ అసలు మనిషికే వచ్చింది.

గడువు దాటిన పిల్లల సిరప్పులకు ఎవరో తేదీలు మార్చారని గొడవైనప్పుడు, అందరి ముందూ స్క్రీన్ తిప్పి పేరు చూపించింది వెంకట్రామే. "ఆడ నాకు లాగినే లేదన్నా," అని ఆ పిల్ల ఏడ్చింది. "కంప్యూటర్‌కి నీ మీద పగా?" అన్నాడు. ఎంత తెలివైన మాట అన్నాననుకున్నాడో!

వెంకట్రామ్ వెళ్లి చెప్పిందంతా బాలసుందరం విన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు.

"కేశవ్‌ని ఈడ చేర్చు. వేరే నంబరియ్యి."

"అప్పుడా ఫైలు మీద ఎవరి పేరూ ఉండదు సార్."

"ఉండకపోతే ఎవురికి నష్టం? ఈడుండేదే నిజమని నువ్వే కదప్పా రాసినావు."

వెంకట్రామ్ కేశవ్‌కి 1024 ఇచ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా చేతులు ఆగలేదు. తర్వాత మెట్ల మీదికొచ్చి అంజలైకి ఫోన్ చేశాడు. నంబర్ల సంగతి, కేశవ్ సంగతి అంతా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు.



"ఈ వీధిలో ఏ మందుల కొట్టుకు పోయినా మీ కొట్టుకే ఫోన్ చేసి అడుగుతారన్నా. నాకు ఎవురూ పని ఇయ్యలా," అంది ఆమె. "నేను చెయ్యలేదని నువ్వు ఈడ చెప్తే ఏం లాభం? ఈడ ఉండే నాకు ఎప్పుడో తెలుసు. అడిగేవాళ్లకు ఆడ చెప్పు."

"అంజలై..."

"ఆడ చెప్తావా అన్నా?"

ఫోన్ కట్టయింది.

లోపలికి వెళ్లేసరికి ఫోన్లో కేశవ్ మెసేజ్ వచ్చి ఉంది. లాగిన్ పనిచేస్తోందట. "సూపర్ అన్నా!" అని రాశాడు.

వెంకట్రామ్ ఫిర్యాదుల రిజిస్టరు తీసి, కేశవ్ లాగిన్ ఫిర్యాదు వరసలో 'సరిచేయబడినది' అని రాసి సంతకం పెట్టాడు.