రెండో గేరు దగ్గర కుదుపు

ఎనిమిది నెలల కిందట కొన్న కారులో ఏదో తేడా ఉందని మొదట పసిగట్టింది మామగారు. పసిగట్టి ఊరుకోకుండా పైకి అనడంతోనే ఇంట్లో చిన్న గొడవ మొదలైంది.

ఆయన ముప్పై మూడేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. చూపు మందగించాక లైసెన్సు తిరిగిచ్చేశారు గానీ, కాళ్లు మాత్రం ఇంకా ఉద్యోగం మానలేదు. కారులో కూర్చుంటే చాలు, ఎడమ పాదం లేని క్లచ్చు కోసం వెతుక్కునేది. కోడలు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే పదీ పన్నెండు ఇళ్లు తిరిగి, మంచం దిగలేనివాళ్ల దగ్గర రక్తం తీసి, గొట్టాల పెట్టెను ఎనిమిదిన్నరకల్లా ల్యాబులో అప్పగించాలి. ఆ తిరుగుడు కోసమే ఆటోమేటిక్ కారు కొనుక్కుంది. దారిలో మామగారిని పార్కు దగ్గర దింపేది. భర్తది ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. ఈ పొద్దుటి ప్రయాణాలతో అతనికి సంబంధం లేదు.

ఒకరోజు వీధి చివర స్పీడ్ బ్రేకర్ దాటి వేగం పెంచుతుండగా మామగారు "ఊఁ" అన్నారు.

"ఏమైంది మామయ్యా?"

"ఏం లేదమ్మా. రెండు నుంచి మూడుకి పోయేటప్పుడు తన్నింది."

"ఏది?"

"బండి. నీకు తెలియలేదా?"

నిజంగానే తెలియలేదు. ఆ వేళకి ఆమె మనసంతా ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లు అన్న లెక్కలో ఉంటుంది. మర్నాడూ ఆయన "ఊఁ" అన్నారు. మూడో రోజు, "కాస్త మెల్లిగా నొక్కి చూడమ్మా" అన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. ముప్పై నాలుగేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకుని, పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కిన మనిషి ఆమె. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"ఇందులో గేర్లు నేను వెయ్యను మామయ్యా. అదే వేసుకుంటుంది. నన్నంటే ఎలా?"

"నిన్నెవరన్నారు? బండినన్నాను."

"బండి నడిపేది నేనే కదా!"

మర్నాడు ఆయన వెళ్లి వెనక సీట్లో కూర్చున్నారు. ఆ తర్వాతి రోజు నుంచి, డాక్టరు నడవమన్నాడని చెప్పి పార్కుకు నడిచే వెళ్లసాగారు. డాక్టరు అలాంటిదేమీ అనలేదని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసన్న సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఇద్దరూ పంతం వదల్లేదు.

పది రోజులు గడిచాయి. ఆ రోజు ఆఖరి ఇల్లు, లిఫ్టు లేని భవనంలో మూడో అంతస్తు. ఎనభై దాటిన ముసలమ్మ. చేతిలో నరం దొరకడం గగనం. వేడి నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి, చెయ్యి రుద్ది, మూడో ప్రయత్నంలో ఎలాగో గాజు గొట్టం నింపింది. "సొంత ఇంట్లో పోగొట్టుకున్న సూదిని వెతికినట్టు వెతికావే తల్లీ" అని ముసలమ్మ నవ్వింది. టైము మించిపోతోంది. కోడలు గబగబా దిగివచ్చి పెట్టెను పక్క సీట్లో పెట్టి బండి తీసింది.

పెద్ద రోడ్డు కూడలిలో కుడివైపు తిరగాలి. ఎదుటినుంచి వచ్చే వాహనాల మధ్య ఖాళీ చూసుకుని ఆక్సిలరేటర్ నొక్కింది. బండి కదల్లేదు. ఇంజను మాత్రం గట్టిగా అరిచింది. ఏమిటా అనుకునేలోపు, వెనకనుంచి ఎవరో గుద్దినట్టు ఒక్క ఉదుటున ముందుకు దూకింది. ఎదురుగా వస్తున్న వ్యాను కీచుమని ఆగింది. ఆమె ఎలాగో మలుపు తిప్పి, రోడ్డు వారకు తెచ్చి ఆపింది.

పెట్టె సీటు మీంచి కింద పడి మూత ఊడింది. గొట్టాలన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. పగిలింది ముసలమ్మదే.

వెనక్కి వెళ్లి మళ్లీ మూడంతస్తులు ఎక్కింది. తలుపు దగ్గరే జరిగింది చెప్పి క్షమాపణ అడిగింది. ముసలమ్మ ఆమె ముఖం చూసి ముందు మంచినీళ్లు తాగమంది. తర్వాత రెండో చెయ్యి చాపింది. "ఈసారి ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లు. నా దగ్గర స్టాకు ఆట్టే లేదు."

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి మామగారు భూతద్దం పట్టుకుని పేపరు చదువుతున్నారు. ఆమె చెప్పులైనా విప్పకుండా ఎదురుగా నిలబడింది.

"మామయ్యా, తన్నింది."

నేను ముందే చెప్పానుగా అని ఆయన అనలేదు. అంటారేమోనని దారి పొడుగునా జవాబు కూడా సిద్ధం చేసుకుంది ఆమె. ఆయన పేపరు మడిచి, "నీకేం కాలేదుగా?" అన్నారు. లేదంది. "తన్నినప్పుడు నేరుగా పోతున్నావా, తిరుగుతున్నావా?" అని అడిగారు.

"కుడివైపు తిరుగుతున్నాను."

"ఊఁ. రేపు నేనూ వస్తా."

మూడు రోజులు ఆయన మళ్లీ ముందు సీట్లో కూర్చున్నారు. ఇద్దరూ రద్దీ లేని వీధులే చూసుకుని తిప్పారు. ఆయన "ఇప్పుడు" అనేవారు, మరుక్షణం కుదుపు వచ్చేది. రెండో రోజుకల్లా ఆమెకూ అంతుపట్టింది. తన్నేముందు ఇంజను గొంతు అరక్షణం పైకి లేస్తుంది. ఆమె ల్యాబు కాగితం వెనక రాసుకుంది: పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, తిన్నగా పోతే తక్కువ, కుడి మలుపులో అన్నిటికంటే ఎక్కువ.

సర్వీస్ సెంటర్‌లో కౌంటరు దగ్గరి అతను టై సర్దుకుంటూ కంప్యూటర్ చూశాడు. "ఏ లోపమూ చూపించడం లేదు మేడం. కొత్త మోడల్ కదా, గేర్‌బాక్స్ మీ డ్రైవింగ్ అలవాట్లు నేర్చుకుంటోంది."

"ఎనిమిది నెలలకి పసిపిల్లలే పాకేస్తారు బాబూ," అన్నారు మామగారు. "ఇదింకా నేర్చుకుంటూనే ఉందా?"

సాఫ్ట్‌వేర్ మార్చి పంపారు. రెండు రోజులు బండి బుద్ధిగా నడిచింది. మూడో రోజు మళ్లీ మొదటికి వచ్చింది. ఈసారి కోడలు కౌంటరు దగ్గర కూర్చోలేదు. "చేతులకి మసి అంటేవాళ్లు ఎవరైనా నా పక్కన కూర్చుని చూడాలి. అప్పటిదాకా తాళం ఇవ్వను" అంది. ఆమె అంత గట్టిగా మాట్లాడడం మామగారు ఎప్పుడూ వినలేదు.

లోపలినుంచి జుట్టు నెరిసిన మెకానిక్ ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఆమె రాసుకున్న కాగితం నిలబడే చదివాడు. "కుడివైపు తిరిగితే ఎక్కువా? కచ్చితంగా?" అని అడిగి, వెనక ఆవరణలో రెండుసార్లు తిప్పించి, మూడోసారి తిప్పమనకుండానే బండిని పైకెత్తే లిఫ్టు మీదికి ఎక్కించమన్నాడు.

బండి అడుగున ఉన్న ప్లాస్టిక్ పళ్లేన్ని విప్పగానే ఎర్రటి నూనె ధారగా కారి అతని మోచేతి దాకా వచ్చింది. గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచే గొట్టం అతుకు దగ్గర, వేలి ఉంగరమంత రబ్బరు రింగు. కారు తయారీలో బిగించినప్పుడే నలిగిపోయి అలాగే ఉండిపోయింది. అందులోంచి బొట్టుబొట్టుగా లీటరు పైనే పోయింది.

"మా ఇంటి ముందు ఒక్క చుక్క మరక లేదే!" అంది కోడలు.

"ఎలా ఉంటుందమ్మా, పళ్లెం దాచేసుకుంటే? నూనె తగ్గింది. మలుపు తిరిగినప్పుడు ఉన్న కాస్తా పక్కకి పోతుంది, పంపుకి నూనె బదులు గాలి అందుతుంది. గేరు ఆలస్యంగా పడి ఒక్కసారిగా పట్టుకుంటుంది." అతను కాగితాన్ని ఆమెకు తిరిగిస్తూ, "ఇది లేకపోతే నేనూ కంప్యూటరునే నమ్మేవాణ్ణి" అన్నాడు. కౌంటరు అతను క్షమాపణ చెప్పి, ఆ పూటంతా టై జోలికి పోలేదు.

రింగు మార్చి, నూనె నింపి, గేర్‌బాక్స్ నేర్చుకున్న పాత లెక్కలు చెరిపేశారు. అది మళ్లీ కొత్తగా నేర్చుకునేలా రెండు రోజులు అన్ని వేగాల్లోనూ తొందరపడకుండా తిప్పమన్నారు. సెలవురోజు సాయంత్రం ఇద్దరూ పనేమీ లేకుండానే బయల్దేరారు. రెండు నుంచి మూడుకి గేరు మారింది. ఎప్పుడు మారిందో తెలియనే లేదు.

"ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది మామయ్యా."

"నేనూ సరిగ్గా చెప్పలేదులే. నా బస్సులో ఎవడైనా వెనకనుంచి సలహా ఇస్తే నాకూ ఒళ్లు మండేది."

కొంత దూరం పోయాక ఆమె అడిగింది. "నిజం చెప్పండి. నేను ఎలా నడుపుతాను?"

ఆయన రెండు సిగ్నళ్లు దాటేదాకా ఆలోచించారు.

"బాగానే నడుపుతావు. మలుపుల దగ్గర బ్రేకు కాస్త ఆలస్యంగా వేస్తావు."

ఆమె గట్టిగా నవ్వేసింది. ముందు మలుపు కనిపించగానే, రోజూ వేసేదానికన్నా కొంచెం ముందే బ్రేకు వేసింది. మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూ తల ఊపారు.