ఈకరెక్కల పురుగు

మిల్లీమీటరైనా లేని ఎండిన పురుగు మీదికి కిరికో మైక్రోస్కోపు దించింది. ఇరవై ఏళ్లుగా మ్యూజియంలో ఆమె పని ఇదే: కుళ్లిన ఆకుల్లో బతికే ఈకరెక్కల పురుగుల్ని పోల్చి జాతులుగా విడదీయడం. దేశం మొత్తమ్మీద వీటిని పట్టించుకునేది నలుగురు. అందులో ఇద్దరి మధ్య మాటల్లేవు.

పక్కనే టోపీ పెట్టుకుని ఉసామి కూర్చున్నాడు. రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరైన ఆయన సెలవులన్నీ పురుగులకే ధారపోశాడు. ఈ పురుగు ఆయనకు నలభై ఏళ్ల కిందట సొంతూరు కురహతాలో దొరికింది. ఆ చలికాలమే ఊరు డ్యామ్ నీళ్లలో మునిగింది. ఇప్పుడు మ్యాపులో అక్కడ నీళ్లే. ఇది కొత్త జాతి అయితే, దొరికిన చోటుగా ఆ ఊరిపేరు శాస్త్ర పుస్తకాల్లో ఎప్పటికీ ఉంటుంది. కొత్తదో కాదో తేలాలంటే పురుగు పొట్ట కోయాలి. ఆడపురుగు మగదాని బీజాన్ని దాచుకునే సంచి ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది. సూది జారిందా, ఇంకో పురుగు లేదు.

“అట్ట మీద ఇంత జిగురేమిటండీ! అతికించారా, పాతిపెట్టారా?”

“కుర్రతనం. ఊడిపోతుందని భయం. తిట్టుకుంటూనే కానివ్వు అమ్మాయీ.”

గోరువెచ్చటి నీళ్లలో జిగురు కరిగింది. కిరికో ఊపిరి బిగబట్టి సూది ఆనించింది. పొట్ట విచ్చుకుంది.

“అమ్మో!” అంది. లోపల ఒకే ఒక్క గుడ్డు, ఒంట్లో సగం ఉంది. దాని వెనక సంచి. తనెరిగిన జాతులన్నిటికీ రెండు మెలికలే. దీనికి ఏడు, బీరపాదు నులితీగలా. కంటికి ఆనని పొట్టలో ఇంత పనితనమా!

“కొత్తదే, ఉసామి గారూ. చూడండి.”

ఆయన చాలాసేపు చూశాడు.

“గుడ్డు పెట్టబోతోందా?”

“ఇవాళో రేపో అన్నట్టుంది.”

“అయ్యో తల్లీ. నేను పట్టుకొచ్చేశానే.”

“తేకపోతే తల్లీ గుడ్డూ నీళ్లలోనే పోయేవి కదండీ.”

ఆయన టోపీ తీసి, ఆ పురుగుకు నడుం వంచి దండం పెట్టాడు. కిరికో నవ్వలేదు. కలం తీసింది.

“దొరికిన చోటు?”

“కురహతా.”

“ఊళ్లో ఎక్కడ? అదీ రాయాలి.”

“మా పెరట్లో. అమ్మ ఊడ్చిన ఆకుల కుప్పలో.” ఆయన ఆమె కలం వైపు చూశాడు. “అమ్మని కూడా రాస్తావా?”

“ఆవిడ పేరు చెప్పండి” అంది కిరికో.