తళుకు పువ్వు కింద ట్యాగు

నేను ఒక ట్యాగును. సన్నని రేకు తీగ, దాని నడుమ ఆవగింజంత చిప్పు, పైన తెల్లని తొడుగు. నాకు బ్యాటరీ లేదు. గేటు దగ్గరి యంత్రం రేడియో తరంగాలతో ఎవరు నువ్వని అడిగితే నా నంబరు చెబుతాను. అడగకపోతే నోరు మెదపలేను. ఇలాంటి పుట్టుక పుట్టాక భయం కాక ఇంకేముంటుంది చెప్పండి?

నన్నొక నీలం క్రేటుకు అతికించారు. హిందూపురం అవతల ఒక చిన్న కంపెనీలో బ్రేకు పైపులు నింపుకుని కార్ల ఫ్యాక్టరీకి వెళ్లడం, ఖాళీగా తిరిగి రావడం, అదే మా కాపురం. మేం రాకముందు ఫ్యాక్టరీ స్టోరులో తిరుపాలమ్మ ప్రతి క్రేటు మీదా సుద్దముక్కతో గుర్తు వేసేదట. మేం వచ్చాక సుద్దకు పని పోయింది. అయినా ఆమె పాత అలవాటున మమ్మల్ని ఒక్కొక్కరినీ తట్టి పోయేది. గాజుల చప్పుడుతో కలిసిన ఆ తట్టు ఇప్పటికీ నా ఒంటి మీద ఉన్నట్టే ఉంటుంది.

ఒక ఏడు ఆయుధపూజకు స్టోరంతా కడిగి, మెషిన్లకు పసుపు కుంకుమలు పెట్టారు. తిరుపాలమ్మ నా క్రేటుకూ బొట్టు పెట్టింది. అంతటితో ఊరుకోక, దిష్టి తగలకూడదని మెరిసే రేకు పువ్వొకటి సరిగ్గా నా మీదే అంటించింది. రేకు అడ్డొస్తే నాకు పిలుపు వినబడదని ఆ తల్లికేం తెలుసు?

పండగ సెలవు అయిన మర్నాడు పైపుల కంపెనీ నుంచి ఫోను. నా క్రేటులోని పైపులకు పగుళ్లున్నాయట, బిగించవద్దట. ఇంజనీరు నస్రీన్ స్కానరు పట్టుకుని పరుగున వచ్చింది. క్రేట్లన్నీ నీలమే, సుద్ద గుర్తులు లేవు. నా పక్కనుంచే రెండుసార్లు పోయింది. అవతల మా వరసలోని క్రేట్లు ఒక్కొక్కటే కార్లు బిగించే లైనులోకి వెళ్తున్నాయి. ఈ పైపులు ఏ కారుకు బిగిస్తారో, అందులో ఎవరి పిల్లలు ఎక్కుతారో, ఏ ఘాట్ రోడ్డు దిగుతారో! అరుద్దామంటే గొంతు లేదు.

"తిరుపాలక్కా, ఈడ ఏమన్నా మార్చినావా?"

"నేనేం మార్చల్యా మేడం. బొట్టు పెట్టినా, పువ్వు అంటిచ్చినా, అంతే."

"పువ్వా? యాడ?"

"ఇదో, సూడండి ఎంత కళగా ఉండాదో!"

నస్రీన్ దాన్ని పీకగానే స్కానరు కుయ్‌మంది. తిరుపాలమ్మ అక్కడే కూలబడింది.

"నా మతి మండ! దిష్టి పోతాదని పెడితే దీని నోరే కట్టేసినానా?"

"ఇప్పుడు పలికింది కదక్కా. లే, ఈ పక్క పట్టు" అంది నస్రీన్, నవ్వుతూనే చెమట తుడుచుకుంటూ. ఇద్దరూ కలిసి నన్ను దూరంగా తీసుకెళ్లి పెట్టారు.

మరుసటి ఏడు తిరుపాలమ్మ క్రేటు మూలన చిన్న బొట్టు పెట్టి, "మేడం, పలుకుతాందేమో ఒకతూరి సూడండి" అని నస్రీన్‌ను పిలిచి, కుయ్‌మన్నాకే కదిలింది. మనుషులు మమ్మల్ని నమ్మరు, మేం లేకుండా ఉండనూ లేరు.

ఇప్పుడు క్రేటు పగిలింది. హైవే పక్క పాత సామాను దిబ్బలో పడి ఉన్నాను. నన్ను అడిగేవాళ్లు లేరు. మూలన ఆ కుంకుమ మరక మాత్రం ఇంకా పోలేదు. రోడ్డు మీద ఏ కారైనా బ్రేకు వేస్తే చాలు, అది ఆగిన చప్పుడు వినేదాకా నా ప్రాణం నా దగ్గరుండదు.