రెండో కన్ను

సోగొమన్యాన్‌గారి కళ్ళ గురించి కొండ మీది ఆ వేధశాలలో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆయన శాఖాధిపతి. శాఖాధిపతుల కళ్ళకు శుక్లాలు రావు. రెండేళ్ళుగా కాఫీ కప్పు కోసం బల్లంతా తడుముతున్నా, ఒకరోజు టోపీ అనుకుని పిల్లిని పట్టుకున్నా, అదంతా పెద్దవారి పరధ్యానం కిందే జమ.

ఆ శాఖ పని చూపుతో తప్ప జరిగేది కాదు. టెలిస్కోపు ముందు పట్టకం పెట్టి ఆకాశాన్ని ఫొటో తీస్తే, గాజు పలక మీద ఒక్కో నక్షత్రం చుక్కలా కాక చిన్న గీతలా పడుతుంది. ఎడమ కొస అతినీలం, కుడి కొస ఎరుపు. ఎడమ కొస మామూలు కంటే పొడుగ్గా సాగిన గెలాక్సీ దొరికితే ఆ రోజు పండగే. పలకకు పదిహేను వేల గీతలు. వాటిని వెలుగుబల్ల మీద పరిచి, భూతద్దంతో ఒక్కొక్కటే చూసేది వర్సెనిక్. పదకొండేళ్ళుగా చూస్తోంది. హోదా మాత్రం ఇంకా ప్రయోగశాల సహాయకురాలే. ఈ ఏటి జాబితా అచ్చయితే శరదృతువులో శాస్త్రవేత్తను చేస్తామన్నారు.

రెండు జతల కళ్ళు విడివిడిగా చూసి ఒప్పుకుంటే తప్ప ఏదీ జాబితాకెక్కకూడదని నియమం. ఆ రెండో జత సోగొమన్యాన్‌గారిది. ఆయన బల్ల మీదికి వంగి, భూతద్దం సర్దుకుని, గంభీరంగా గొంతు సవరించుకుని, "నువ్వేమంటావ్ తల్లీ?" అని అడిగేవారు. వర్సెనిక్ గట్టిగా "ఉందండీ" అంటే ఆయనకీ ఉండేది. ఆమె కాస్త నసిగిందా, అది దుమ్ము. అలా అడగడం పెద్దాయన మర్యాద అనుకుని ఆమె మురిసిపోయేది కూడా.

ఆ వసంతంలో, ఈ ఏటి జాబితాలో పద్నాలుగోది కావలసిన గీత దొరికింది. మసక మసకగా, ఉందా లేదా అన్నట్టుండేది. నాలుగు రోజులు చూసి, ఉందని తేల్చుకుని, దాని మీద మనసు పారేసుకుంది. ఆయన అడిగినప్పుడు మాత్రం, అంత ఇష్టమైనదాని గురించి చెప్పబోతూ తడబడింది.

"దుమ్మమ్మా. గుడ్డ పెట్టి తుడిచెయ్," అన్నారాయన.

వర్సెనిక్‌కి ఒళ్ళు మండింది. మంట చల్లారాక అనుమానం పుట్టింది. మర్నాడు పొద్దున అదే పలకను తలకిందులుగా బల్ల మీద పెట్టింది. అలా పెడితే అతినీలం కుడివైపుకు పోతుంది. ఎరుపు కొస కత్తితో కోసినట్టు తెగి ఉంటుంది కనుక, చూపున్నవాళ్ళకు ఆ తేడా తెలియడానికి క్షణం పట్టదు. ఆయన ఒక్కరే వచ్చినప్పుడు తేల్చుకుందామనుకుంది.

ఆయన ఒక్కరే రాలేదు. లెనిన్‌గ్రాడ్ నుంచి తనిఖీకి వచ్చిన తమారా ల్వోవ్నా వెంట ఉంది. తనిఖీలన్నీ మాంసం నిప్పుల మీద కాలే వేళకు మొదలై, తినడంతో ముగియడం అక్కడి ఆచారం. ఈవిడకు ఆ మర్యాద తెలియదు కాబోలు, రెండు గంటలు ముందే వచ్చింది. పలక తిప్పే వ్యవధి వర్సెనిక్‌కి దొరకలేదు.

అతిథి ఎదుట సహాయకురాలిని సలహా అడిగితే పరువేముంటుంది? సోగొమన్యాన్‌గారు స్వయంగా వంగి, ఒక గీత మీద వేలు పెట్టారు. "చూడండి, ఎడమకు ఎంత తోకో. స్వచ్ఛమైన అతినీలం. ఇలాంటివి నా కంటికి ఇట్టే ఆనుతాయి."

అది ఎక్కడ పడితే అక్కడ దొరికే మామూలు ఎర్ర నక్షత్రం. తమారా ల్వోవ్నా భూతద్దంలో చూసి, ఈ రెండేళ్ళలో ఆయన సరిచూసినవి ఎన్నని అడిగింది. ఎనభై ఆరు, అన్నీ తానేనని ఆయన ఛాతీ విరుచుకున్నారు.

ఆవిడ వర్సెనిక్ వైపు తిరిగింది. "పలక తలకిందులుగా ఉంది. పెట్టింది నువ్వేనా?"

"నేనేనండీ."

సోగొమన్యాన్‌గారి మొహం వెలిగిపోయింది. ఈ కాలం పిల్లల అజాగ్రత్త గురించి చెప్పడం మొదలుపెట్టారు. నలభై దాటిన వర్సెనిక్ అంతా విన్నది. పొరపాటైందంటే సరిపోతుంది. ఒక చీవాటుతో ఎనభై ఆరూ దక్కుతాయి, హోదా కూడా వస్తుంది. నిజం చెబితే రెండో జత కళ్ళు లేనట్టే, కాబట్టి ఎనభై ఆరూ చెల్లవు. కానీ పద్నాలుగోదాన్ని ఆయన తుడిచెయ్యమన్న మాట ఆమెకు మింగుడు పడలేదు.

"కావాలనే పెట్టానండీ. ఆయనకి కనబడదు. రెండేళ్ళుగా నా మాట విని సంతకం పెడుతున్నారు. ఆ ఎనభై ఆరూ నేనొక్కదాన్ని చూసినవే."

కిటికీలోంచి, మాంసం కోసం అప్పుడే రాజేస్తున్న నిప్పుల పొగ వాసన వచ్చింది. సోగొమన్యాన్‌గారు కుర్చీ కోసం చెయ్యి చాపి, దాచుకోకుండా తడుముకుని కూర్చున్నారు. వర్సెనిక్‌కి ఆయన మీద జాలేసింది.

తమారా ల్వోవ్నా జాలిపడే రకం కాదు. కలం తీసి జాబితాలో పేజీకొక గీత చొప్పున ఎనభై ఆరూ కొట్టేసింది. తర్వాత గడియారం చూసుకుంది. "కారు కాసేపట్లో వెళ్ళిపోతుంది. ఒక్కటి చూసే టైముంది. ఏది చూడమంటావ్?"

కొట్టేసినవాటిలో కళ్ళు మూసుకున్నా కనబడేంత ప్రకాశమైనవి పది ఉన్నాయి. వర్సెనిక్ పలకను సరిగ్గా తిప్పి, భూతద్దాన్ని పద్నాలుగోదాని మీద పెట్టింది. తన మొహంలో ఏదీ తెలియకూడదని కిటికీ వైపు తిరిగి నిలబడింది.

చాలాసేపు పట్టింది.

"అంచుల్లో పొగలా ఉంది," అంది తమారా ల్వోవ్నా. "నక్షత్రం కాదిది, గెలాక్సీయే. తోక బాగా పొడుగు."

"మీకు కనబడిందాండీ?"

"కనబడింది. రెండో సంతకం నాది రాసుకో."

ఎనభై ఆరు పోయినప్పుడు రాని ఏడుపు వర్సెనిక్‌కి అప్పుడొచ్చింది.