కోయని కొమ్మ

తోటమాలి తడిగుడ్డతో ఆకులు తుడుస్తున్నాడు. రెండు ఎత్తైన గోడల మూల, గాలి తగలని చోట ఉన్న చెట్టది. ఏ కాలంలోనూ ఆకు రాల్చదు, ఏడాదికి జానెడైనా ఎదగదు. మోకాలెత్తు మొక్కగా నాటింది అతనే. పంతొమ్మిదేళ్లకు తల దాటింది, అంతే. పూత లేదు.

"ఈ ఏడైనా పూస్తుందా?" అని అమ్మగారు అడుగుతూనే ఉండేవారు.

"దీనికింకా బుద్ధి రాలేదండి" అనేవాడు.

ఇంట్లో భార్య దెప్పేది. "దానికి చేసిన సేవ నాకు చేసుంటే నేనే పూసుండేదాన్ని."

ఏటా వానలు వెలిశాక కొమ్మల కొసలు కత్తిరించి చెట్టును బంతిలా దిద్దడం అతని పనితనం. చూసినవాళ్లంతా మెచ్చుకునేవారు. ఈసారి కుడిభుజం పట్టేసింది. చెయ్యి లేవక గోడవైపు పైకొమ్మ ఒకటి వదిలేశాడు.

ఇవాళ ఆ కొమ్మ వంచితే కొసన బొటనవేలంత మొగ్గ! పచ్చటి పొర చీలి లోపలి తెలుపు తొంగిచూస్తోంది. మిగతా కొమ్మలన్నీ తడిమాడు. ఎక్కడా లేదు.

అప్పుడర్థమైంది. ఆవగింజంత మొగ్గలు దాగే కొసల్నే ఇన్నేళ్లూ కత్తిరించి, బుట్టకెత్తి పారబోశాడు. నింద చెట్టు మీద వేశాడు.

వరండాలోంచి అమ్మగారి కేక. "ఏమయ్యా, ఆ కొమ్మేంటి, దువ్వని జుట్టులా? ఎల్లుండి చుట్టాలొస్తున్నారు."

చెబుదామని నోరు తెరిచాడు. మొగ్గ సంగతి చెబితే అన్నీ చెప్పాలి.

"భుజం నొప్పండి. రేపు చూస్తాను."

"నీ రేపులు నాకు తెలుసులే."

రేపటికి విచ్చుకుంటుంది. పువ్వు చూశాక ఆవిడ ఇంకేమీ అడగరు. అలా అనుకుని మొగ్గను ఆకుల వెనక్కి తోసి దాచాడు. కత్తెర మేకుకు తగిలించి, బోర్లించిన కుండీ మీద కూర్చుని అన్నం మూట విప్పాడు.

మధ్యాహ్నం వంటమనిషి పిలిస్తే పలకలేదు. గోడకు ఆనుకుని అలాగే ఉన్నాడు. తట్టి చూస్తే ఊపిరి లేదు. మూటలో మెతుకు కదల్లేదు.

భార్య వచ్చి ఏడ్చి, అన్నం గిన్నె, చెప్పులు తీసుకెళ్లింది. కత్తెర అమ్మగారిది, ముట్టుకోలేదు.

చుట్టాలొచ్చే రోజు పొద్దున్నే కొత్త మనిషి ఆ కత్తెరతోనే కొమ్మను సరిచేసి, చెత్త ఊడ్చేసి వెళ్లాడు.

"పాపం, ప్రాణంలా పెంచాడు" అన్నారు అమ్మగారు చుట్టాలతో. "ఒక్క పువ్వు పూయించలేకపోయాడు గానీ."

మేకుకు కత్తెర వేలాడుతోంది. రెండు బ్లేడుల మధ్య ఇరుక్కున్న తెల్లటి పూరేకు ముక్క అంచు వెంట గోధుమరంగుకు తిరుగుతోంది.